గొడుగుకూ ఒక తొడుగు

మన దగ్గర మే నెల ఎండలో గొడుగు వేసుకుని నడిచే మనిషిని ఎవరూ వింతగా చూడరు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే గొడుగు లేకుండా గడప దాటనివ్వరు కూడా. అందుకే అంతోన్ చెహోవ్ రాసిన ‘తొడుగులో మనిషి’ కథ మొదటిసారి చదివే తెలుగు పాఠకుడు, ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకు వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఆ కథలో బేలికోవ్ అనే స్కూలు మాస్టరు ఎంత పొడి రోజైనా సరే గొడుగు చేతపట్టుకుని, బూట్ల మీద గలోషులు తొడుక్కుని, దూది పెట్టి కుట్టిన వెచ్చటి కోటు వేసుకుంటే తప్ప వీధిలోకి రాడు. జాగ్రత్త గల మనిషి కాబోలు అనుకుని మనం పేజీ తిప్పేస్తాం.

ఆనాటి రష్యాలో మగవాడు గొడుగు పట్టేది వానకే. గలోషులంటే బూట్లు తడవకుండా, బురద అంటకుండా వాటి మీద వేసుకునే రబ్బరు తొడుగులు. మంచు కరిగే రోజుల్లోనూ, చలికాలానికి ముందు ముసురు పట్టినప్పుడూ అక్కడి ఊళ్ళలో వీధులు అడుగు తీసి అడుగు వేయలేనంత బురదగా మారేవి. ఎవరింటికైనా వెళ్తే గలోషులు వాకిట్లో విడిచి, శుభ్రమైన బూట్లతో లోపలికి నడిచేవారు. 1860లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదలైన రష్యన్ అమెరికన్ రబ్బరు కంపెనీకి అంత పేరు వచ్చింది ఎక్కువగా ఈ గలోషుల వల్లనే. అంటే బేలికోవ్ కాళ్ళకున్నది వింత వస్తువేమీ కాదు, ఊళ్ళో ప్రతి గుమ్మం దగ్గరా కనిపించేదే. అతను చేసిందల్లా దాన్ని అవసరం లేని రోజున కూడా తొడుక్కోవడం. కథంతా ఆ కాస్త మితిమీరడం మీద నిలబడింది.

ఈ కథ ఆ రోజుల్లో మాస్కో నుంచి వెలువడే ‘రూస్కయ మిస్ల్’ అనే మాసపత్రికలో 1898 జులైలో అచ్చయింది. అప్పటికి చెహోవ్‌కి 38 ఏళ్ళు. మాస్కోకి దక్షిణాన మేలిహొవో అనే ఊళ్ళో ఉండేవాడు. డాక్టరుగా చుట్టుపక్కల రైతులకు వైద్యం చేశాడు. 1896లో తలేజ్‌లో, 1897లో నొవొసోల్కిలో పల్లె పిల్లల కోసం బళ్ళు కట్టించాడు. మాస్టర్ల జీతాలు, వాళ్ళ ఇళ్ళు, పైఅధికారుల ముందు వాళ్ళ బెదురు ఇవన్నీ దగ్గరగా చూసినవాడు. బేలికోవ్‌ని గాలిలోంచి పుట్టించలేదు.

కథ చెప్పే తీరు గురించి కూడా ఒక మాట ముందే చెప్పాలి. వేటకు వెళ్ళి తిరిగొస్తూ ఇద్దరు మిత్రులు ఒక పల్లె చివర గ్రామపెద్ద కొట్టంలో రాత్రికి ఆగుతారు. ఒకడు ఇవాన్ ఇవానిచ్, పశువుల డాక్టరు. పొడుగ్గా, సన్నగా ఉండే ముసలాయన. బయట వాకిలి దగ్గర కూర్చుని పైపు కాలుస్తుంటాడు. వెన్నెల అతని మీద పడుతోంది. రెండోవాడు బూర్కిన్, బేలికోవ్‌తో పాటు ఒకే స్కూల్లో పనిచేసిన మాస్టరు. అతను లోపల గడ్డి మీద పడుకుని ఉన్నాడు, చీకట్లో కనిపించడు. బేలికోవ్ కథంతా ఆ చీకట్లోంచి మనకు వినిపిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

ఇప్పుడు ఆ అలవాటును దగ్గరగా చూద్దాం. ప్రతీక అనగానే మనకు స్కూల్లో అలవాటైన పద్ధతి ఒకటుంది. గొడుగు అంటే భయం, గలోషులు అంటే పిరికితనం, నల్ల కళ్ళద్దాలు అంటే నిజాన్ని చూడలేకపోవడం అని ఎడమవైపు వస్తువు, కుడివైపు అర్థం రాసుకుని జతపరచడం. పరీక్షకు అది సరిపోతుందేమో గానీ కథకు సరిపోదు. అలా చదివితే చెహోవ్ చేసిన పని సగం కూడా కంటికి ఆనదు. అతను ఈ వస్తువులను ఏ వరుసలో మన ముందు పెట్టాడో చూడాలి.

మొదట ఒంటి మీద కనిపించేవి వస్తాయి: గలోషులు, గొడుగు, కోటు. తర్వాత చేతిలోవీ జేబులోవీ. గొడుగుకు ఒక తొడుగు ఉంది. గడియారానికి బూడిదరంగు మెత్తటి తోలు తొడుగు ఉంది. పెన్సిలు చెక్కుకోవడానికి తీసే చిన్న చాకుకు కూడా ఒక బుల్లి తొడుగు. ఆ తర్వాత మొహం. ఎత్తిన కాలరు వెనక దాచుకోవడం వల్ల ఆ మొహానికి కూడా తొడుగు వేసినట్టే ఉంటుంది. కళ్ళకు నల్లద్దాలు, చెవుల్లో దూది. బండి ఎక్కితే టాపు పైకి లేపమంటాడు. ఇంత వరకూ బట్టలూ వస్తువులే. ఇక్కడి నుంచి చెహోవ్ లోపలికి దిగుతాడు. బేలికోవ్ చెప్పే పాఠం గ్రీకు భాష, బతికున్న మనుషులెవరూ మాట్లాడని ప్రాచీన గ్రీకు. ఆ తర్వాత అతని ఆలోచనలు. ఆ తర్వాత అతని ఇల్లు, అందులో పెట్టె లాంటి చిన్న పడకగది, తెరలు దించిన మంచం, ముసుగుతన్నిన దుప్పటి. అన్నిటికన్నా చివర శవపేటిక. వీధి నుంచి మొదలై పొర వెనక పొరగా లోపలికి పోతే లోపల మనిషి దొరకాలి. బేలికోవ్ దగ్గర ఎంత లోపలికి పోయినా మరో తొడుగే దొరుకుతుంది.

ఈ జాబితాలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది గొడుగుకు ఉన్న తొడుగు. గొడుగు మనిషిని వానలో తడవకుండా కాపాడుతుంది, బాగానే ఉంది. మరి తొడుగు ఎవరిని కాపాడుతోంది? గొడుగును. వాన నిజంగా వస్తే ముందు తొడుగు తీయాలి, తర్వాత గొడుగు విప్పాలి. కాపాడే వస్తువుకే కాపలా పెట్టిన చోట అలవాటుకు ఉపయోగంతో సంబంధం తెగిపోయింది. ఇక అది వాతావరణాన్ని బట్టి మారదు, ఎండా వానా దానికి ఒకటే. చెహోవ్ ఈ మాట విడమరచి చెప్పడు. తొడుగులో ఉన్న గొడుగును ఒక్కసారి చూపించి ముందుకు వెళ్ళిపోతాడు. నిత్యం చేసే పని ఒకటి కథలో ప్రతీకగా మారడం అనేది ఎక్కడ జరుగుతుందని ఎవరైనా అడిగితే నేను ఈ చోటునే చూపిస్తాను.

గ్రీకు భాష సంగతి కూడా కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈనాటి పాఠకుడికి అది కేవలం ఒక సబ్జెక్టు. అప్పటి రష్యాలో అందులో రాజకీయం ఉంది. 1871లో విద్యామంత్రి ద్మిత్రీ తొల్‌స్తోయ్ తెచ్చిన నిబంధనలు హైస్కూళ్ళలో లాటిన్, గ్రీకు భాషలకు పెద్దపీట వేశాయి. యువకుల మెదళ్ళు కొత్త ఆలోచనల వైపు, తిరుగుబాటు వైపు పోకుండా వ్యాకరణంలో మునిగి ఉండాలన్నది వాటి వెనక ఉద్దేశం. చెహోవ్ చదువుకున్నది తగన్‌రోగ్‌లో అలాంటి హైస్కూల్లోనే. గ్రీకులో తప్పి ఒక ఏడాది తరగతి మళ్ళీ చదివాడు. 1887లో విద్యామంత్రి దెల్యానొవ్ ఒక సర్క్యులర్ జారీ చేశాడు. బండివాళ్ళ, వంటవాళ్ళ, చాకలివాళ్ళ, చిల్లర దుకాణదారుల పిల్లలను ఈ హైస్కూళ్ళలో చేరనివ్వకుండా చూడమని దాని సారాంశం. అందువల్ల ‘వంటమనిషి పిల్లల సర్క్యులర్’ అనే పేరు దానికి చరిత్రలో నిలిచిపోయింది.

బేలికోవ్ ఇలాంటి సర్క్యులర్ల కాలపు మనిషి. ఏదైనా చేయకూడదని కాగితం మీద ఉంటే అతని మనసుకు హాయి. విద్యార్థులు రాత్రి తొమ్మిది దాటాక వీధిలో తిరగకూడదంటే తిరగకూడదు, అయిపోయింది. భయమంతా అనుమతులతోనే. ఊళ్ళో నాటక సమాజం పెట్టుకోవచ్చన్నా, చదువుకునే గది తెరవచ్చన్నా, టీ అంగడికి అనుమతి వచ్చినా తల ఊపుతాడు. అంతా బాగానే ఉంది గానీ దీని వల్ల ముందు ముందు ఏం ముంచుకొస్తుందోనని గొణుక్కుంటాడు. అది అతని ఊతపదం. గొడుగు చేతికి ఎలాగో ఆ ఊతపదం నోటికి అలాగ. తిండిలో కూడా అదే లెక్క చూడండి. ఉపవాసపు తిండి అతని ఒంటికి పడదు. మాంసం తింటే ఉపవాసం పాటించడంటారు. అందుకని వెన్నలో వేయించిన చేప తింటాడు. అది ఉపవాసపు తిండీ కాదు, కాదనడానికీ వీల్లేదు. ఆడమనిషిని పనికి పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని అఫనాసీ అనే అరవై ఏళ్ళ తాగుబోతును వంటకు పెట్టుకున్నాడు. రాత్రి పడుకున్నాక ఆ అఫనాసీయే తనను పొడిచేస్తాడేమోనని దుప్పటి కింద వణుకుతాడు. ఇన్ని తొడుగుల మధ్య పడుకున్నా అతనికి నిద్ర లేదు. తెల్లారి స్కూలుకి వెళ్ళేటప్పుడు మొహం పాలిపోయి ఉంటుంది.

ఇక్కడి దాకా ఇది ఒక మనిషి పిచ్చి. ఒక వింత మనిషిని వర్ణించి నవ్వించడమే ఉద్దేశమైతే చెహోవ్ ఇక్కడితో ఆపేయవచ్చు. అలాంటి హాస్య కథలు అతను యవ్వనంలో వందల కొద్దీ రాశాడు. కానీ అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

బేలికోవ్‌కి ఒక అలవాటుంది. తోటి మాస్టర్ల ఇళ్ళకు వెళతాడు. కూర్చుంటాడు. ఏమీ మాట్లాడడు. చుట్టూ పరిశీలిస్తున్నట్టు ఒక గంట కూర్చుని లేచి వెళ్ళిపోతాడు. సహోద్యోగులతో మంచి సంబంధాలు నిలుపుకోవడం అని దానికి పేరు పెట్టుకున్నాడు. అది తన బాధ్యత అనుకుని పాపం కష్టంగానే వస్తాడు. ఆ మౌనమే ఊరిని లొంగదీసింది. బూర్కిన్ ఈ సంగతి చెప్పేటప్పుడు తమను తాము తక్కువ చేసుకోడు. మా మాస్టర్లంతా ఆలోచనపరులు, మంచివాళ్ళు, తుర్గేనివ్‌నూ షెడ్రిన్‌నూ చదువుకుని పెరిగినవాళ్ళు అంటాడు. అయినా ఎప్పుడూ గలోషులతో, గొడుగుతో తిరిగే ఈ చిన్న మనిషి పదిహేనేళ్ళ పాటు స్కూలు మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. పిల్లల అల్లరి గురించి ఇతను నిట్టూర్పులు విడిచి విడిచి పోరుపెడితే, పడలేక ఇద్దరు విద్యార్థుల ప్రవర్తన మార్కులు తగ్గించారు, గదిలో నిర్బంధించారు, చివరికి స్కూల్లోంచి తీసేశారు. బూర్కిన్ ఈ ముక్క మాటల మధ్య చెప్పి దాటేస్తాడు. మనం మాత్రం దాటకూడదు. కథలో ప్రాణం లేని వస్తువులుగా కనిపించిన గలోషులూ గొడుగూ నిజంగా ఎవరి బతుకును తొక్కాయో ఈ ఇద్దరు పిల్లల దగ్గర తెలుస్తుంది.

స్కూలుతో ఆగలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఇతనికి తెలుస్తుందని శనివారాల్లో ఇళ్ళలో వేసుకునే నాటకాలు మానేశారు. ఇతను ఉన్న చోట మత గురువులు మాంసం ముట్టడానికి, పేకాడటానికి జంకారు. మెల్లగా ఊరంతా గట్టిగా మాట్లాడటానికీ, ఉత్తరాలు రాయడానికీ, కొత్తవాళ్ళతో పరిచయం చేసుకోవడానికీ, పుస్తకాలు చదవడానికీ, పేదవాళ్ళకు సాయం చేయడానికీ, చదువురానివాళ్ళకు అక్షరాలు నేర్పడానికీ భయపడటం మొదలుపెట్టింది. ఇందులో ఏ ఒక్కదాన్నీ బేలికోవ్ నిషేధించలేదు. ఆ అధికారం అతనికి లేదు. అతను ఇన్‌స్పెక్టరు కాడు, పోలీసు కాడు. అతనికున్నది ఒక అలవాటూ ఒక ఊతపదమూ మాత్రమే. మిగతాది ఊరు తనంతట తాను చేసుకుంది.

మన సాహిత్యంలో పాత్రకు అతుక్కుపోయిన అలవాటు అనగానే గిరీశం చుట్ట గుర్తొస్తుంది. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో వచ్చింది, ఈ కథకు ఒక్క ఏడాది ముందు. చుట్ట లేని గిరీశాన్ని ఊహించలేం. అతని బడాయి, అతని బాకీలు, ఏ పనినైనా శాస్త్రం చెప్పి సమర్థించుకునే అతని నేర్పు అన్నీ ఆ పొగలో కనిపిస్తాయి. అది శిష్యుడు వెంకటేశం దాకా పాకుతుంది కూడా. అయినా దాని పని గిరీశాన్ని మన కళ్ళ ముందు నిలబెట్టడం. బేలికోవ్ గొడుగు చేసే పని వేరు. అది బేలికోవ్‌ని చూపించడంతో మొదలై, అతన్ని చూసి వంగిపోయినవాళ్ళను చూపించడంలో పూర్తవుతుంది. అందుకే అది పాత్ర లక్షణం స్థాయిని దాటి ప్రతీక అయిందని నేను అనుకుంటాను.

కథ మధ్యలో ఎదురుగాలి ఒకటి వీస్తుంది. చరిత్ర, భూగోళం చెప్పడానికి కొవలెంకో అనే కొత్త మాస్టరు ఉక్రెయిన్ నుంచి వస్తాడు. వెంట అతని అక్క వారెంకా, ముప్ఫై ఏళ్ళ మనిషి. ఆమె పాటలు పాడుతుంది, గట్టిగా నవ్వుతుంది. హెడ్‌మాస్టరు భార్యకూ మిగతా ఆడవాళ్ళకూ పనేమీ లేక బేలికోవ్‌కి ఈమెతో పెళ్ళి చేయాలన్న ఉత్సాహం పుడుతుంది. బేలికోవ్ కూడా మెత్తబడతాడు. వారెంకా ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టుకుంటాడు. ఆ ఇంట్లో తొడుగు లేని వస్తువు అదొక్కటే. ఈ కథను కేవలం ఎగతాళిగా చదివేవాళ్ళు ఆ ఫోటోను మర్చిపోతారు. నాకు మాత్రం బేలికోవ్ మీద మొదటిసారి జాలి కలిగేది అక్కడే. ఫోటో పెట్టుకున్నాడు గానీ అడుగు ముందుకు వేయలేదు. పెళ్ళి అంటే బాధ్యతలు, ముందు అన్నీ తూచుకోవాలి, లేకపోతే ఏం ముంచుకొస్తుందో అని రాత్రింబగళ్ళు ఆలోచిస్తూ మరింత చిక్కిపోయాడు.

ఈలోగా ఎవరో ఆకతాయి ఒక బొమ్మ గీశాడు. గలోషులు తొడుక్కుని, ప్యాంటు అంచులు మడిచి, గొడుగు కింద వారెంకా చేయి పట్టుకుని నడుస్తున్న బేలికోవ్. ఊళ్ళోని మాస్టర్లందరికీ అధికారులకూ తలా ఒక కాపీ అందింది, బేలికోవ్‌కి కూడా. అన్నేళ్ళుగా తనను దాచిన వస్తువులే ఇప్పుడు తనను పట్టించాయి. మొహం గీయకపోయినా గలోషులూ గొడుగూ గీస్తే చాలు, అది ఎవరో ఊరందరికీ తెలుస్తుంది. మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా ఉండాలని వేసుకున్న తొడుగే మనిషికి గుర్తుగా మారడం ఈ కథలోని పెద్ద విషాదం.

బొమ్మ దెబ్బ తగిలిన రోజునే వీధిలో ఒక దృశ్యం ఎదురవుతుంది. మే ఒకటో తారీఖు, ఆదివారం, స్కూలంతా కలిసి ఊరి బయట తోపుకు నడిచి వెళ్ళాల్సిన రోజు. దారిలో కొవలెంకో సైకిల్ మీద బేలికోవ్‌ని దాటుకుపోయాడు. వెనకే వారెంకా, ఆమె కూడా సైకిల్ మీదే, మొహం ఎర్రబడి అలసిపోయి ఆనందంగా. ఇక్కడ చెహోవ్ ఒక అలవాటుకు మరో అలవాటును ఎదురు నిలబెట్టాడు. గొడుగూ గలోషులూ మనిషికీ గాలికీ మధ్య గోడ కడతాయి, సైకిల్ మనిషిని గాలిలోకి తోస్తుంది. బేలికోవ్‌కి తల తిరిగిపోయింది. మర్నాడు సాయంత్రం, వేసవిలా ఉన్న వాతావరణంలో వెచ్చటి బట్టలు వేసుకుని కొవలెంకో ఇంటికి వెళ్ళాడు. మాస్టరే సైకిల్ తొక్కితే ఇక పిల్లలకు తలకిందులుగా నడవడమే మిగులుతుంది, పైగా సైకిల్ తొక్కవచ్చని ఏ సర్క్యులర్‌లోనూ లేదు అన్నాడు. మన సంభాషణ హెడ్‌మాస్టరుకు చెప్పుకోవాల్సి వస్తుంది అని కూడా అన్నాడు. కొవలెంకో అతని కాలరు పట్టుకుని మెట్ల మీంచి తోసేశాడు.

ఇక్కడ చెవి పెట్టి వినాలి. బేలికోవ్ దొర్లుతుంటే అతని గలోషులు మెట్లకు తగిలి చప్పుడు చేస్తాయి. అంతవరకు కథలో ఆ గలోషులకు శబ్దం లేదు. కింద పడ్డాక దెబ్బలేమీ తగల్లేదు. లేచి అతను చేసిన మొదటి పని ముక్కు తడిమి, కళ్ళద్దాలు పగిలాయో లేదో చూసుకోవడం. సరిగ్గా అప్పుడే వారెంకా మరో ఇద్దరు ఆడవాళ్ళతో వచ్చింది. అతను జారిపడ్డాడనుకుని పగలబడి నవ్వింది. ఆ నవ్వులో దురుద్దేశం లేదు. కానీ వానను ఆపడానికి గొడుగుంది, చలిని ఆపడానికి కోటుంది, చెవిలో దూది ఉంది, ఆ నవ్వును ఆపే తొడుగు మాత్రం అతని దగ్గర లేదు. ఇంటికి వెళ్ళి ముందు బల్ల మీది ఫోటో తీసేశాడు. తర్వాత తెర కింద, దుప్పటి కింద పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. నెల తర్వాత చనిపోయాడు.

శవపేటికలో అతని మొహం ప్రశాంతంగా, ఉల్లాసంగా కూడా ఉందంటాడు బూర్కిన్. ఎన్నడూ బయటికి రానక్కర్లేని తొడుగు చివరికి దొరికిందని సంతోషిస్తున్నట్టు. ఈ మాటను చాలామంది విమర్శకులు పట్టుకుంటారు, నిజంగానే గొప్ప మాట. నా దృష్టిలో దీనికన్నా బలమైనది ఆ వెంటనే వచ్చే ఒక చిన్న వివరం. అంత్యక్రియల రోజు వాన పడింది. వచ్చినవాళ్ళందరూ గలోషులు తొడుక్కుని గొడుగులు పట్టుకుని వచ్చారు.

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వాన పడితే ఎవరైనా గొడుగు వేసుకుంటారు, అదే తెలివైన పని. కథ మొదట్లో వస్తువు సరిగ్గానే ఉంది, సందర్భం తప్పింది. ఇక్కడ సందర్భం కూడా సరిగ్గా కుదిరింది. అయినా చదివేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే ఒక బేలికోవ్‌ని పాతిపెట్టడానికి ఒక ఊరు బేలికోవ్‌లు నడిచి వస్తున్నట్టుంది. చెహోవ్ ఎవరినీ నిందించడు. వాన కురిపించి ఊరుకుంటాడు. వాళ్ళు శ్మశానం నుంచి తేలికపడ్డ మనసుతో తిరిగొచ్చారు. పెద్దవాళ్ళు ఊరెళ్ళినప్పుడు పిల్లలకు ఒకటి రెండు గంటలు దొరికే స్వేచ్ఛ లాంటిది అనుభవించారు. వారం తిరక్కుండానే ఊరు మళ్ళీ మునుపటి ఊరే అయిపోయింది. సర్క్యులర్‌లో నిషేధించని, అలాగని పూర్తిగా అనుమతించని పాత బతుకే. మనిషి పోయినా అలవాటు ఊరికి సంక్రమించి మిగిలిపోయింది.

ఇక మొదట్లో గుర్తుంచుకోమన్న సంగతి. కథ ముగించి బూర్కిన్ కాసేపు వెన్నెల్లోకి వస్తాడు. ఇవాన్ ఇవానిచ్‌కి మనసు ఊరుకోదు. మనం పట్నంలో ఉక్కగదుల్లో కుక్కుకుని, అక్కరలేని కాగితాలు రాసుకుంటూ, పేకాడుకుంటూ బతకడం కూడా ఒక తొడుగే కదా అని అడుగుతాడు. అబద్ధాలు వింటూ సహించడం, ఒక రొట్టె ముక్క కోసం, ఒక వెచ్చటి మూల కోసం, పైసా విలువ చేయని హోదా కోసం నోరు మూసుకోవడం, ఇలా బతకడం ఇక కుదరదు అంటాడు. బూర్కిన్ ఏమన్నాడు? అది వేరే విషయం, పడుకుందాం పద అన్నాడు. లోపలికి పోయి పది నిమిషాల్లో నిద్రపోయాడు. అందరి తొడుగులనూ అంత స్పష్టంగా వర్ణించినవాడు తన మీదికి వచ్చేసరికి చీకట్లోకి, గడ్డి మీదికి తిరిగి వెళ్ళాడు. ఇవాన్ ఇవానిచ్ మాత్రం నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లి, లేచి మళ్ళీ వాకిలి దగ్గర కూర్చుని పైపు వెలిగించాడు.

ఆ కొట్టం పక్క నుంచే అంతకు కాసేపటి ముందు మావ్రా నడిచివెళ్ళిన అడుగుల చప్పుడు వినిపిస్తుంది. గ్రామపెద్ద భార్య. తెలివితక్కువ మనిషేమీ కాదు, ఆరోగ్యం బాగానే ఉంది. జీవితంలో సొంత ఊరు దాటలేదు, పట్నం చూడలేదు, రైలు చూడలేదు. గత పదేళ్ళుగా పొయ్యి వెనకే కూర్చుని రాత్రి పూట మాత్రమే బయటికి వస్తుంది. బేలికోవ్ కథ మొదలవడానికి కారణం ఆమె ప్రస్తావనే. చదువుకున్న గ్రీకు మాస్టరూ చదువులేని పల్లెటూరి ఆడమనిషీ ఒకే కొట్టం చుట్టూ చేరారు.

ఇప్పుడు ఆ పైపు. చెహోవ్ ఈ ఇద్దరు మిత్రులతో మరో రెండు కథలు రాశాడు, ‘గూస్‌బెర్రీలు’, ‘ప్రేమ గురించి’. ఆ రెండూ అదే పత్రికలో మరుసటి నెల, 1898 ఆగస్టులో వచ్చాయి. ‘గూస్‌బెర్రీలు’లో ఇవాన్ ఇవానిచ్ తన తమ్ముడి కథ చెబుతాడు. సుఖంగా ఉన్న మనిషి తలుపు దగ్గర ఎవరో నిలబడి, లోకంలో దుఃఖం ఉందని గుర్తుచేస్తూ ఉండాలని ఆవేదన పడతాడు. రాత్రి ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు. ఇవాన్ ఇవానిచ్ పైపు బల్ల మీద ఉంది, కాలిన పొగాకు వాసన ఘాటుగా వస్తోంది. ఈసారి నిద్ర పట్టనిది బూర్కిన్‌కి. ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందో తెలియక చాలాసేపు మెలకువగానే ఉంటాడు. మొదటి కథలో ఒక ముసలాయన కాలక్షేపపు అలవాటుగా కనిపించిన పైపు, రెండో కథకు వచ్చేసరికి హాయిగా నిద్రపోయేవాడిని కుదిపేదిగా మారింది. ఇక్కడ కూడా చెహోవ్ వివరణ ఇవ్వడు. పైపును బల్ల మీద పెట్టి వదిలేస్తాడు.

నిత్యజీవితపు అలవాటు ఏదైనా కథలో పదే పదే కనిపిస్తే అది దేనికి గుర్తు అని వెంటనే అర్థం వెతకొద్దని నా మనవి. మొదట అది మామూలుగా ఎందుకు ఉపయోగపడుతుందో చూడండి. తర్వాత ఆ ఉపయోగం ఎక్కడ తప్పిందో, ఆ అలవాటు వల్ల పక్కవాళ్ళు ఏం మానుకున్నారో చూడండి. చివరికి అదే వస్తువు ఎవరి చేతికి చేరిందో చూడండి. అర్థం దానంతట అదే తేలుతుంది.

‘తొడుగులో మనిషి’ సంకలనాల్లో ఒక్కోసారి ఒంటరిగానే దొరుకుతుంది. అలా ఒక్కటీ చదివి ఆపేస్తే కథ బేలికోవ్‌తో ముగిసినట్టు ఉంటుంది, బూర్కిన్ తప్పించుకుపోతాడు. దయచేసి మూడు కథలనూ అచ్చయిన వరుసలోనే చదవండి. మూడూ కలిపినా ఒక మధ్యాహ్నం పట్టదు.